ఫుకెట్‌లో పెళ్లి, తిరుపతిలో ఖాతా: 20 లక్షల బాత్ బిల్లు ఎలా కట్టాలి?

మీ ప్రశ్న ఇదీ. మీది తిరుపతి, మీరు రిటైరయ్యారు, ఇంటావిడ టీచరు, అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. వచ్చే వేసవిలో అమ్మాయి పెళ్లి థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో. హోటలు వాళ్లు 20 లక్షల బాత్ చెప్పారు. 20 శాతం ఇప్పుడు, 30 శాతం ఫిబ్రవరిలో, మిగతా సగం ఏప్రిల్‌లో కట్టాలి. కార్డు గీకాలా, బ్యాంకు నుంచి పంపాలా, డాలర్లు కొనుక్కుని పోవాలా, లేక కువైట్‌లో ఉన్న మీ బావమరిది అన్నట్టు ఆయన అక్కడ కట్టేస్తే మీరు ఇక్కడ రూపాయలు సర్దేయాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. పెద్ద మొత్తం బ్యాంకు ద్వారా, హోటలు ఖాతాకు నేరుగా, బాత్‌లోనే పంపండి. ఒక్కరి పేరు మీద పంపకండి. మీరు, మీ ఆవిడ, అబ్బాయి ఎవరి ఖాతా నుంచి వాళ్లు పంపండి. హోటలు వాయిదాలు ఎలాగూ ఫిబ్రవరి, ఏప్రిల్ అన్నారు కాబట్టి రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడతాయి, అది మీ అదృష్టం. క్రెడిట్ కార్డు అక్కడికి వెళ్లాక చివర్లో తేలే చిల్లర బిల్లులకు. నోట్లు టిప్పులకు, ఆటోలకు. కువైట్ దారి మాత్రం వద్దు. ఎందుకు వద్దో కింద రాశాను.

నేను ఒక బ్యాంకులో చాలా ఏళ్లు ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) పని చూసి రిటైరయ్యాను. ఇప్పుడు కూడా తిరుపతి, చిత్తూరు వైపు నుంచి తెలిసినవాళ్లు ఈ కాగితాలు పట్టుకుని వస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే, "సార్, రేటు ఎప్పుడు తగ్గుతుంది?" అని. నన్నడిగితే రేటు కంటే ముందు చూసుకోవాల్సింది ఎవరి పేరు మీద, ఏ నెలలో కడుతున్నామనేది. మీ విషయంలో దానిమీద దాదాపు తొమ్మిది లక్షల తేడా ఉంది.

లెక్క చూడండి. బాత్ రేటు రోజూ మారుతుంది, లెక్క కోసం రూ. 2.70 అనుకుందాం. 20 లక్షల బాత్ అంటే 54 లక్షల రూపాయలు. మనదేశంలో ఉండే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. 2004లో ఈ పథకం 25,000 డాలర్లతో మొదలైంది, 2015 నుంచి ఇప్పుడున్న పరిమితి నడుస్తోంది. కాబట్టి 54 లక్షలు పంపడానికి అనుమతి సమస్యే లేదు. సమస్యల్లా టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యక్తి ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కడుతుంది. చదువుకు, వైద్యానికి రేటు తక్కువ. పెళ్లికి అలాంటి దయ ఏమీ లేదు.

మీరొక్కరే ఒకే ఏడాదిలో 54 లక్షలు పంపితే 44 లక్షల మీద 20 శాతం, అంటే 8 లక్షల 80 వేలు ఆగిపోతాయి. అదే సగం బిల్లు (27 లక్షలు) మార్చి 31 లోపల, మిగతా సగం ఏప్రిల్ 1 తర్వాత, రెండుసార్లూ ముగ్గురూ తలా 9 లక్షలు పంపితే టీసీఎస్ సున్నా. ఇందులో దొంగతనం ఏమీ లేదు. 10 లక్షల పరిమితి ఒక్కో మనిషికి, ఒక్కో సంవత్సరానికి ఇచ్చిందే. అన్న చెల్లెలి పెళ్లికి, తల్లి కూతురి పెళ్లికి డబ్బు పెట్టడం మన ఇళ్లలో వింతేమీ కాదు కదా.

అయితే నాలుగు జాగ్రత్తలు.

10 లక్షలు అనేది ఒక్క బ్యాంకుకు కాదు, పాన్ మీద ఉన్న అన్ని బ్యాంకులకూ, అన్ని అవసరాలకూ కలిపి. మీ అబ్బాయి ఇప్పటికే బెంగళూరు నుంచి అమెరికా షేర్లు కొనడానికి ఏమైనా పంపి ఉంటే అది కూడా ఇందులోకే వస్తుంది. ఫారెక్స్ కార్డులో వేసిన డబ్బు, విదేశంలో డెబిట్ కార్డుతో తీసిన డబ్బు కూడా ఈ లెక్కలోవే. పిల్లలు ఇలాంటివి ఇంట్లో చెప్పరు, అడిగి తెలుసుకోండి.

రెండోది, డబ్బు నిజంగా వాళ్లదై ఉండాలి, లేదా వాళ్ల ఖాతాలోకి ఎలా వచ్చిందో చెప్పగలగాలి. మీరు ఆవిడకు గిఫ్టుగా ఇస్తే పన్ను లేదు, తప్పూ లేదు. కానీ పొద్దున ఖాతాలో పడి మధ్యాహ్నం ఫుకెట్‌కు పోతే బ్యాంకు వాళ్లు ప్రశ్నలు వేస్తారు. పెళ్లి కోసమని నిన్న తెరిచిన ఖాతా అయితే ఇంకా ఎక్కువ వేస్తారు. ముందే సర్దుకుని, పాత ఖాతాల నుంచే పంపండి. పాన్, ఆధార్ లింకు అయ్యిందో లేదో ఈ వారమే చూసుకోండి.

మూడోది చాలామందికి తెలియదు. విదేశీ ప్రయాణం కోసం ఏడాదిలో రెండు లక్షలు దాటి ఖర్చు పెట్టినవాళ్లు, పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా ఐటీ రిటర్ను వేయాల్సిందే. మీ ఇంటావిడ టీచరు కాబట్టి ఎలాగూ వేస్తుంటారు. కానీ ఇల్లు చూసుకునే అమ్మ పేరు మీద, పొలం చూసుకునే నాన్న పేరు మీద పంపే ఇళ్లలో ఇది మర్చిపోతున్నారు.

బంగారుపాళెం వైపు నుంచి ఒక మామిడి రైతు వచ్చాడు. కూతురి పెళ్లి దుబాయ్‌లో, మొత్తం ఆయన పేరు మీదే పంపేశారు, టీసీఎస్ లక్షల్లో పట్టుకున్నారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆయనకు రిటర్ను వేసే అలవాటు లేదు. "గవర్నమెంటు వాళ్లు తీసుకున్నారు, పోయింది సార్" అని వదిలేసుకున్నాడు! పోలేదు స్వామీ, అది మీ డబ్బే అని ఆడిటర్ దగ్గరికి పంపించాను. గడువు ఉంది కాబట్టి సరిపోయింది, రిటర్ను వేశాక వడ్డీతో సహా వెనక్కి వచ్చింది. అయితే తోతాపురి అమ్మిన చీటీలు, గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చిన బ్యాంకు జమలు అన్నీ దగ్గర పెట్టుకున్నాడు కాబట్టి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు దొరికింది. మండీలో నోట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నవాళ్లకు అంత సులువుగా జరగదు.

నాలుగోది చిన్నది. హోటలు వాళ్లను మూడు ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లు (ముందస్తు బిల్లులు) అడగండి, ఒక్కొక్కరి పేరు మీద ఒకటి. కుదరకపోతే ఒకే ఇన్‌వాయిస్‌లో ముగ్గురి పేర్లూ, పాస్‌పోర్టులో ఉన్నట్టే. పంపేవాడి పేరు, బిల్లులో పేరు కలవకపోతే ఇక్కడ బ్యాంకూ ఆపుతుంది, అక్కడ హోటలు అకౌంట్స్ వాళ్లూ ఎవరి డబ్బో తెలియక పక్కన పెడతారు.

టీసీఎస్ తిరిగొచ్చే డబ్బు. మార్కప్, అంటే కార్డువాళ్లు రేటు మీద అదనంగా వేసుకునేది, పోయే డబ్బు. ఈ రెండిటినీ కలిపి చూస్తే తప్పుడు నిర్ణయం తీసుకుంటారు. కార్డు సంగతి ఇక్కడే చెప్పాలి.

విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డు గీకితే అది ఎల్‌ఆర్‌ఎస్ లెక్కలోకి రాదు, టీసీఎస్ పడదు. 2023 మేలో దాన్ని కూడా కలుపుతూ నోటిఫికేషన్ ఇచ్చారు, గొడవ కావడంతో జూన్ 28న వాయిదా వేశారు. అప్పటి నుంచి అలాగే ఉంది. ఈ మాట తెలిసిన కుర్రాళ్లు "అంతా కార్డు మీద లాగేద్దాం నాన్నా, టీసీఎస్ ఉండదు, పాయింట్లు కూడా వస్తాయి" అంటారు. మామూలు కార్డుకు ఫారిన్ కరెన్సీ మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. పది లక్షలకు 41,300 రూపాయలు పోయినట్టే, ఏ రిటర్నులోనూ తిరిగి రావు. కొన్ని హోటళ్లు పెద్ద మొత్తం కార్డు మీద కడితే పైన ఇంకో రెండు మూడు శాతం వేస్తాయి.

అదే పది లక్షలను బ్యాంకు నుంచి పంపి, మొత్తం మీద టీసీఎస్ పడిందనే అనుకుందాం. 2 లక్షలు ఆగుతాయి. ఏప్రిల్‌లో కట్టింది మరుసటి ఏడాది జులైలో రిటర్ను వేసి తీసుకోవాలంటే సుమారు 15 నెలలు. ఆ రెండు లక్షలు ఎఫ్‌డీలో ఉంటే 8 శాతం లెక్కన వచ్చే వడ్డీ 20 వేలు. అంటే టీసీఎస్ కట్టినా కూడా, మార్కప్ ఉన్న కార్డు కంటే బ్యాంకు దారే చవక. కానీ ఆ రెండు లక్షలు మీరు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లయితే 15 నెలలకు వడ్డీ 60 వేలు, లెక్క తిరగబడుతుంది. మీ డబ్బు ఏ రకందో మీకే తెలుసు. (పెళ్లికి అప్పు చేయడంలో మనూరి దేవుడే కుబేరుడి దగ్గర దారి చూపించాడు, ఆయనకు హుండీ ఉంది, మనకు లేదు.)

మార్కప్ లేని, లేదా తక్కువ ఉన్న కార్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అబ్బాయి దగ్గర అలాంటిది ఉంటే చివరి రోజు తేలే బిల్లులకు అది వాడండి. అదనంగా వచ్చిన పది మంది భోజనాలు, బార్ బిల్లు, గది పొడిగింపు లాంటివి. వెళ్లేముందు కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసి, లిమిట్ పెంచుకోవడం మర్చిపోకండి.

కార్డు గీకేటప్పుడు మిషన్ మీద ఒక ప్రశ్న వస్తుంది. "రూపాయల్లో కట్టాలా, బాత్‌లో కట్టాలా?" అని. రూపాయలు కనిపించగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, అదే నొక్కేస్తారు. ఎప్పుడూ బాత్ నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ మిషన్ కంపెనీ తనకిష్టమైన రేటు వేస్తుంది, అది సాధారణంగా మన కార్డు రేటు కంటే బాగా ఎక్కువ. కౌంటరులో అమ్మాయి మర్యాద కొద్దీ తనే రూపాయలు నొక్కేసి స్లిప్పు ఇస్తుంది కూడా. స్లిప్పులో రూపాయల అంకె కనిపిస్తే సంతకం పెట్టకుండా రద్దు చేసి మళ్లీ గీకమని అడగండి, చేస్తారు.

ఇక బ్యాంకులో ఏం జరుగుతుందో చెప్తాను. మన ఊళ్లో చాలా బ్రాంచీల్లో బాత్ పంపాలంటే మీ మొహం చూస్తారు. వాళ్లకు రోజూ వచ్చేది డాలర్లు, పౌండ్లు, అమెరికాకు ఫీజులు. ఫారం తీసుకుని వేరే ఊళ్లోని ఫారెక్స్ సెల్‌కు పంపుతారు, పని అక్కడ జరుగుతుంది. కాబట్టి మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లండి, శుక్రవారం వద్దు. ఏ2 ఫారం (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు), పాన్, పాస్‌పోర్టు కాపీ, హోటలు ఇన్‌వాయిస్, కాంట్రాక్టు కాపీ ఇవ్వాలి. డబ్బు ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడు దగ్గర కౌంటరు అబ్బాయి తడబడతాడు. మీకు సరిపోయేది ప్రయాణాల కింద వచ్చే ఎస్0306. గిఫ్టు అనో, కుటుంబ పోషణ అనో రాయనివ్వకండి. మీరు డబ్బు పంపేది హోటలుకు, చుట్టాలకు కాదు.

రేటు అడిగే పద్ధతి ఒకటుంది. "బాత్ ఎంత?" అని అడగొద్దు. "హోటలు ఖాతాలో సరిగ్గా 3,30,000 బాత్ పడాలి. అన్ని ఛార్జీలు కలిపి నా ఖాతాలోంచి ఎన్ని రూపాయలు పోతాయి?" అని అడగండి. ఇదే ప్రశ్న మీ బ్యాంకులో, అబ్బాయి బ్యాంకులో, ఇంకో చోట అడిగి అంకెలు పక్కపక్కన రాసుకోండి. రేటు, కమిషను, స్విఫ్టు (బ్యాంకులు విదేశాలకు డబ్బు పంపే నెట్‌వర్కు) ఛార్జీ, జీఎస్టీ అన్నీ ఆ ఒక్క అంకెలో బయటపడతాయి. గూగుల్‌లో కనిపించే రేటు మీకూ రాదు, నాకూ రాదు, అది బ్యాంకులు వాటిలో అవి కొనుక్కునే రేటు.

పొద్దున బ్రాంచిలో అంటించే కార్డు రేటు (ఆ రోజు రేట్ల పట్టీ, క్రెడిట్ కార్డుది కాదు) చిన్న మొత్తాలకు పెట్టింది. ఐదు లక్షలు దాటితే మేనేజరును కలిసి "డీల్ రేటు అడగండి సార్" అనాలి. డాలర్‌కు రూపాయి నలభై పైసలు ఎక్కువ వేసినచోట, అడిగితే ముప్పై నలభై పైసలకు దిగడం నేను చాలాసార్లు చూశాను. పదివేల డాలర్ల మీద రూపాయి తగ్గినా పదివేలు మిగిలినట్టే. అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు. జీఎస్టీ ఇక్కడ భయపడేంత లేదు. 9 లక్షలు మార్చుకుంటే కరెన్సీ మార్పిడి మీద పడే జీఎస్టీ 900 రూపాయలు, అంతే.

మీ బ్యాంకు బాత్ పంపలేనంటే డాలర్లలో పంపుతానంటుంది. అప్పుడు రూపాయి డాలరయ్యి, హోటలు బ్యాంకులో మళ్లీ బాత్ అవుతుంది, రెండుసార్లు కోత పడుతుంది. పైగా అక్కడ ఏ రేటు వేస్తారో మనకు తెలియదు, బిల్లుకు కొంచెం తగ్గుతుంది. బాత్ పంపే బ్యాంకు ఇంట్లో ఒక్కరికి ఉన్నా వాళ్ల ద్వారా పెద్ద వాయిదా పంపడం మేలు.

ఫారంలో ఛార్జీల గడి ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఖర్చు పంచుకోవడం, మొత్తం మనమే భరించడం, మొత్తం అవతలివాళ్లే భరించడం అని మూడు రకాలు. మీరు ఏమీ చెప్పకపోతే పంచుకోవడం అని టిక్కు పెట్టేస్తారు. అప్పుడు దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు పది, ఇరవై, ముప్పై డాలర్లు కోసుకుంటుంది. చిత్తూరు నుంచి ఒకాయన పంపిన అడ్వాన్సు ఇలాగే కాస్త తక్కువ పడింది. హోటలు కంప్యూటర్‌లో "పూర్తిగా రాలేదు" అని ఉండిపోయింది, గదులు కన్ఫర్మ్ కాలేదు. రెండు వేల రూపాయల కోసం పది రోజులు మెయిళ్లు నడిచాయి, ఇంట్లో ఒకటే టెన్షన్. "మొత్తం ఖర్చు నాదే" అన్న గడిలో టిక్కు పెట్టించండి. డబ్బు వెళ్లాక స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకుని అదే రోజు హోటలుకు మెయిల్ చేయండి.

ఖాతా వివరాల దగ్గర ఇంకో మాట. బోర్డు మీద హోటలు పేరు ఒకటి ఉంటుంది, ఖాతా ఆ హోటలు నడిపే కంపెనీ పేరు మీద ఉంటుంది. కాంట్రాక్టులో ఉన్న కంపెనీ పేరు, ఖాతా పేరు ఒకటేనా చూసుకోండి. థాయిలాండ్‌కు ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) ఉండదు, ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడు చాలు. (దుబాయ్‌కి పంపేవాళ్లకైతే ఏఈతో మొదలై 23 అక్షరాలుండే ఐబాన్ తప్పనిసరి.) మధ్యలో ఎప్పుడైనా "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి దీనికి పంపండి" అని మెయిల్ వస్తే దాన్ని నమ్మకండి. మెయిల్ హోటలు వాళ్లదిలాగే ఉంటుంది, మీ బిల్లు నంబరు కూడా ఉంటుంది. ఒక కుటుంబం ఆఖరి నిమిషంలో ఫోన్ చేసి అడిగింది కాబట్టి బతికిపోయింది. హోటలు సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు. పోయిన డబ్బు విదేశీ ఖాతా నుంచి వెనక్కి రావడం నేను పెద్దగా చూడలేదు.

మీరు చెప్పిన 20 లక్షల బాత్‌లో నాకొక అనుమానం ఉంది. కొటేషన్‌లో అంకె పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయా చూడండి. అక్కడి హోటళ్లలో "ప్లస్ ప్లస్" అంటే 10 శాతం సర్వీసు ఛార్జి, దానిమీద 7 శాతం వ్యాట్ అదనం అని. రెండూ కలిసి 17.7 శాతం. 20 లక్షల బిల్లు 23 లక్షల 54 వేలు అవుతుంది, మన డబ్బుల్లో తొమ్మిదిన్నర లక్షలు ఎక్కువ. అప్పుడు ముగ్గురు చాలరు, ఉద్యోగం చేసే అమ్మాయి అయితే ఆమె కూడా తన ఖాతా నుంచి ఒక వాయిదా పంపాల్సి వస్తుంది. రేటులో పైసలు లాగేముందు ఈ ప్లస్సుల మీద బేరం చేయండి, పెళ్లి సీజను కాని నెలల్లో వాళ్లు దిగుతారు.

పెళ్లి ప్లానర్ ఎవరినైనా పెట్టుకుంటే వాళ్ల ఫీజు వేరు, హోటలు బిల్లు వేరు చేయించండి. ఇక్కడి ప్లానర్ అన్నీ కలిపి ఒకే బిల్లు రూపాయల్లో ఇస్తే ఈవెంట్ సర్వీసు కింద మొత్తం మీద 18 శాతం జీఎస్టీ పడే ప్రమాదం ఉంది. "నోట్ల రూపంలో ఇవ్వండి, జీఎస్టీ లేకుండా చూస్తాం" అంటే ఇంకా దూరం జరగండి. ఒకే పెళ్లికి ఒకరి నుంచి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పదు, తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా.

బంధువుల టికెట్లు, గదులు కలిపి ట్రావెల్స్ వాళ్ల దగ్గర ప్యాకేజీగా తీసుకోవాలనుకుంటే దాని లెక్క వేరు. టికెట్, బస లాంటివి రెండైనా కలిసి ఉంటేనే అది టూర్ ప్యాకేజీ. దానికి 2026 బడ్జెట్‌లో టీసీఎస్‌ను 2 శాతానికి తగ్గించారు. కాబట్టి చుట్టాల ప్రయాణాన్ని మీ 10 లక్షల లెక్కలో కలపకుండా అటు పెట్టడం మంచిది. ఒట్టి విమానం టికెట్లు ఇక్కడ రూపాయల్లో కొంటే ఈ గొడవేదీ లేదు.

ఇప్పుడు మీ బావమరిది మాట. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు ప్రతి రెండో ఇంట్లో కువైట్ మనిషి ఉంటాడు, ఈ సలహా కూడా ప్రతి రెండో పెళ్లిలో వస్తుంది. ఆయన మేనకోడలి మీద ప్రేమతో తన జీతం డబ్బులోంచి హోటలుకు కడితే అది గిఫ్టు, ఏ తప్పూ లేదు, పెళ్లికి వచ్చిన గిఫ్టుకు అమ్మాయికి పన్ను కూడా లేదు. కానీ ఆయన అక్కడ కట్టినందుకు మీరు ఇక్కడ వాళ్ల ఇంట్లో రూపాయలు ఇచ్చారంటే అది హవాలా కిందికి వస్తుంది. మధ్యలో ఏజెంటు ఉన్నా లేకపోయినా అంతే. విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టంలో దానికి మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫుకెట్ పెళ్లి ఫొటోలు ఊరంతా చూస్తారు, బిల్లు కట్టిన దాఖలా మీ ఖాతాలో ఎక్కడా ఉండదు. రేపు ఐటీ వాళ్లు అడిగితే ఏం చూపిస్తారు? పెళ్లికొడుకు వాళ్లు అమెరికాలో ఉంటే వాళ్ల వాటా వాళ్లు అక్కడి నుంచే డాలర్లలో హోటలుకు కట్టుకోమనండి. అది అన్నిటికంటే సులువు, అడగడానికి మొహమాటపడకండి.

డాలర్లు కట్టలుగా తీసుకుపోవడం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. థాయిలాండ్ లాంటి దేశాలకు ఒక ప్రయాణానికి ఒక మనిషి నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకానే తీసుకోవచ్చు. ఇక్కడ 50 వేలు దాటి నోట్లిచ్చి ఫారెక్స్ కొనడానికి వీల్లేదు, ఖాతా నుంచే ఇవ్వాలి. "ముప్పై మంది వెళ్తున్నాం, తలా మూడు వేలు పట్టుకుంటే హోటలు బిల్లు అయిపోతుంది" అని ఒకాయన నాతో లెక్కలేశాడు. ఆ ముప్పై మందిలో ఒకరి బ్యాగు పోతే పెళ్లి ఆగుతుంది, పైగా ఎవరి డబ్బు ఎవరు కట్టారన్నది కాగితం మీద తేలదు. మిగిలిన డాలర్లు తిరిగొచ్చాక 2,000 దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకంటే ఎక్కువుంటే 180 రోజుల్లో బ్యాంకుకు ఇచ్చేయాలి.

రేటు గురించి అడిగారు కాబట్టి. రూపాయి రెండు నెలల్లో ఎటు పోతుందో చెప్పగలిగినవాడు ఈ సమాధానం రాస్తూ కూర్చోడు. 2011లో డాలర్ 45 రూపాయల దగ్గర ఉంది, 2025 డిసెంబరులో 90 దాటింది. పెళ్లి డబ్బును రేటు తగ్గుతుందని చేతిలో పెట్టుకుని కూర్చునేవాళ్లు ఎక్కువగా నష్టపోవడమే చూశాను. వాయిదా తేదీకి వారం ముందు కట్టేయడం నా పద్ధతి. చాలా ముందుగా కట్టడం కూడా వద్దు, ఎందుకంటే పెళ్లి వాయిదా పడితే హోటలు ఇచ్చే రీఫండు మళ్లీ బ్యాంకు కొనే రేటుకు వస్తుంది, తక్కువ. టీసీఎస్ పట్టుకుని ఉంటే దాన్ని బ్యాంకు వెనక్కి ఇవ్వదు, రిటర్నులోనే తీసుకోవాలి. కాంట్రాక్టులో క్యాన్సిలేషన్ పేజీ రెండుసార్లు చదవండి. ముహూర్తం మారితే తేదీ మార్చుకునే వీలు ఉందా, దానికి ఎంత అనేది కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో మాట చాలదు.

ఎంత జాగ్రత్తపడినా కాస్త టీసీఎస్ పడితే రీఫండు దాకా ఆగనక్కరలేదు. అబ్బాయి తన కంపెనీలో ఆ వివరాలు ఇస్తే జీతంలో కోసే పన్ను (టీడీఎస్) ఆ మేరకు తగ్గిస్తారు, 2024 అక్టోబరు నుంచి ఆ వీలు ఉంది. కాబట్టి ఎవరో ఒకరికి 10 లక్షలు దాటక తప్పకపోతే, ఎక్కువ టీడీఎస్ కట్టే అబ్బాయి పేరు మీద దాటనివ్వండి. మీ పెన్షన్ మీద పడితే చాలాకాలం ఆగాల్సి వస్తుంది.

మీ కొటేషన్‌లో ప్లస్సులున్నాయో లేవో చూసి, వాయిదాల పేజీ, క్యాన్సిలేషన్ పేజీ ఇక్కడ పెట్టండి. పేర్లు, ఖాతా నంబర్లు మాత్రం చెరిపేయండి. ఫిబ్రవరి వాయిదా ఎవరు ఎంత పంపాలో అప్పుడు అంకెలతో రాస్తాను.